71 యుద్ధం రోజుల్లో విశాఖ పాతపట్నం పిల్లలు ఏం విన్నారు, ఏం చూశారు

మీ నాన్నగారు 1971లో కోటవీధిలో తొమ్మిదేళ్ల కుర్రాడని రాశారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలిన చప్పుడు తాను విన్నానని ఆయనంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదన్నారు. హార్బరు పక్కన పెరిగిన పిల్లలకు ఆ యుద్ధం ఎలా తెలిసిందో చెప్పమన్నారు.

ముందుగా ఆయన మాట నమ్మండి. ఆ రాత్రి పాతపట్నంలో మెలకువగా ఉన్నవాళ్లు చాలామంది విన్నారు. విన్నది ఘాజీ అని మాత్రం ఆ రాత్రి ఎవరికీ తెలియదు. నేను ఆయనకంటే ఒకటి రెండేళ్లు పెద్ద. అక్కడే పుట్టాను. మా నాన్న పోర్టులో టాలీ గుమాస్తా, అంటే ఓడ సరుకు లెక్కలు రాసేవాడు. తర్వాత నేనూ అదే పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అప్పటినుంచి పాతపట్నం పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఆనాటి సంగతులు రాసుకుంటున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

71 గురించి చెప్పాలంటే 42 నుంచి మొదలుపెట్టాలి. ఇది పక్కన పెడితే పిల్లల భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ హార్బరు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చాయవి. నష్టం పెద్దదేమీ కాదు. కానీ ఊరు ఖాళీ అయింది. బండి దొరికినవాళ్లు బండి మీద, దొరకనివాళ్లు కాలినడకన సింహాచలం, అనకాపల్లి, విజయనగరం దారులు పట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. మా ఇళ్లలో ముసలివాళ్లు సంవత్సరాలు లెక్కపెట్టేదే దానితో: "జపానోడు బాంబేసిన ఏడు పుట్టినాడు", "బాంబుకి ముందు పెళ్లయినాది" అని. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. చూడకపోతే మీ నాన్నగారితో వెళ్లి చూడండి.

1971 అక్టోబరు, నవంబరుల్లో పత్రికలు తూర్పు బెంగాల్ శరణార్థుల గురించి రాస్తుంటే పెద్దవాళ్లు 42 గురించి మాట్లాడుకున్నారు. మాకు యుద్ధం అంటే ముందుగా తెలిసింది మా నాయనమ్మ చెప్పిన యుద్ధమే. సైరన్ మోగితే ఏం చెయ్యాలి, చెవుల్లో దూదెందుకు పెట్టుకోవాలి, పళ్ల మధ్య గుడ్డెందుకు కొరికి పట్టుకోవాలి, ఇవన్నీ సివిల్ డిఫెన్స్ వాళ్లు బడికొచ్చి చెప్పేలోపే ఆవిడ నేర్పేసింది. ఒక మూట కట్టి తలుపు వెనక పెట్టింది. బియ్యం, చింతపండు, ఉప్పు, ఒక ఇత్తడి చెంబు, రేషను కార్డు. "ఈసారి సెప్పులు కూడా మూటలో ఎట్టండ్రా" అనేది. 42లో ఆవిడ చెప్పుల్లేకుండానే సింహాచలం దాకా నడిచిందట.

ఇక ఊరి సంగతి. మీరు విశాఖ అంటే బీచ్ రోడ్డు, మధురవాడ అనుకుంటారేమో. అప్పటి ఊరికి గుండెకాయ పాతపట్నమే. ఒకవైపు యారాడ కొండ, అంటే డాల్ఫిన్స్ నోస్. ఇవతలివైపు మూడు చిన్న కొండలు: ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఆ రెంటి నడుమ సన్నటి చానెల్. 1933లో తెరిచిన లోపలి హార్బరుకు అదొక్కటే దారి. ఒక పెద్ద ఓడ వస్తుంటే మా వీధి చివర ఇళ్ల మీదుగా దాని చిమ్నీ కదిలిపోతూ కనబడేది. ఆ చిమ్నీ రంగు చూసి ఏ కంపెనీ ఓడో చెప్పడం మా పిల్లల పందెం. ఆ దారిలో ఒక్క ఓడ మునిగితే లోపలున్న ఓడలన్నీ బందీ అయిపోతాయని పోర్టులో పనిచేసే ప్రతి ఇంట్లో తెలుసు. ఘాజీ ఆ చానెల్ ముఖద్వారం దగ్గరకొచ్చి మందుపాతరలు ఎందుకు పెట్టబోయిందో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

నవంబరులో విక్రాంత్ ఎక్కడుందనేదే ఊళ్లో పెద్ద చర్చ. ఆ విమానవాహక నౌక అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది విశాఖలోనే ఉందని పాకిస్తాన్ నమ్మాలని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ వ్యూహం పన్నారు. ఊళ్లో కాంట్రాక్టర్ల దగ్గర భారీగా సరుకులకు ఆర్డర్లిచ్చామని ఆ తర్వాత ఆయనే రాశారు. ఆ వ్యూహం మాకేం తెలుసు? పూర్ణా మార్కెట్ నుంచి వచ్చిన అమ్మ "నేవీవాళ్లు కూరగాయలన్నీ ఎత్తుకుపోతన్నారు, వంకాయ ముట్టుకునేలా లేదు" అని విసుక్కోవడం మాత్రం నాకు జ్ఞాపకం. ఇంకొకటి, శరణార్థుల కోసం నవంబరు మధ్య నుంచి ప్రతి ఉత్తరానికీ అదనంగా 5 పైసల బిళ్ల అంటించాలన్నారు. దాని మీద కుటుంబ నియంత్రణ బొమ్మే ఉండేది, పైన శరణార్థుల సహాయం అని అచ్చు వేసి ఇచ్చేవారు. పిల్లలం వాటిని కవర్ల నుంచి నీళ్లలో నానబెట్టి ఊడదీసి దాచుకునేవాళ్లం.

డిసెంబరు 2 గురువారం. మార్గశిర పౌర్ణమి. పాతపట్నం వాళ్లకు మార్గశిర గురువారమంటే ఏమిటో మీ నాన్నగారిని అడగండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ నెలంతా పండగే. అమ్మవారి మీద పైకప్పుండదు, ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమలు వేసి పూజ చేసుకోవచ్చు. తెల్లవారకముందే చెంబులతో నీళ్లు పట్టుకుని ఆడవాళ్లు బారులు తీరేవారు. ఆ యుద్ధమంతా ఆ నెలలోనే సాగింది. అందుకే మా వీధి ఆడవాళ్లు ఇప్పటికీ తేదీలు చెప్పరు. "రెండో గురువారం మర్నాడు" అంటారు, లెక్క సరిగ్గా సరిపోతుంది.

మర్నాడు, డిసెంబరు 3 సాయంత్రం, పాకిస్తాన్ విమానాలు పఠాన్‌కోట్, అమృత్‌సర్, శ్రీనగర్ లాంటి చోట్ల విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఇందిరాగాంధీ ఆ రోజు కలకత్తాలో ఉన్నారు. రాత్రికి ఢిల్లీ చేరి అర్ధరాత్రి దాటాక రేడియోలో మాట్లాడారు. ఆ ప్రసంగం కోసమే ఊళ్లో పెద్దవాళ్లు మెలకువగా ఉన్నారు. మా వరసలో రేడియో ఉన్న ఇల్లు ఒకటే. ఆ అరుగు మీద, మెట్ల మీద, వీధిలో జనం. పిల్లలం చాపల మీద దొర్లుతున్నాం. దీపాలు లేవు. అయినా పౌర్ణమి వెళ్లిన మర్నాడు కాబట్టి వెన్నెల పిండారబోసినట్టుంది. మా పడకగది గోడ మీద రోజూ తిరిగే లైట్‌హౌసు వెలుగు ఆ రాత్రి రాలేదు. చానెల్‌కు దారి చూపే దీపాలన్నీ ఆర్పించేశారు.

పన్నెండుంపావు ప్రాంతంలో చప్పుడైంది. చెవితో వినడానికి ముందు నేల కదిలింది. పైకప్పు పెంకులు గలగలమన్నాయి. బీచి వైపు మేడల్లో కిటికీ అద్దాలు అదిరాయి. "ఓలమ్మో, ఏటైనాదే" అంటూ జనం వీధిలోకి పరుగెత్తారు. భూకంపం అన్నవాళ్లే ఎక్కువ. కాల్టెక్స్ రిఫైనరీలో చమురు ట్యాంకు పేలిందని కొందరు యారాడ వైపు మంట కోసం చూశారు. మంట ఏమీ కనబడలేదు. నాయనమ్మ మాత్రం మూట భుజానికెత్తుకుని గుమ్మంలో నిలబడింది. నేను పెద్దయ్యాక మాట్లాడిన వాళ్లలో చాలామంది చెప్పింది ఇదే: ముందు కుదుపు, తర్వాత ఒక్క మోత, తర్వాత కుక్కలు ఆగకుండా మొరగడం. మీ నాన్నగారు కుక్కల మాట చెప్పారా? అడిగి చూడండి.

ఆ చప్పుడు కారణమేమిటన్నది ఈనాటికీ రెండు రకాలుగా చెబుతారు. మన నౌకాదళంలో రిటైరు కావలసిన పాత యుద్ధనౌక రాజ్‌పుత్ అర్ధరాత్రికి కాస్త ముందు చానెల్ దాటి బయటికెళ్లింది. నీళ్లలో అనుమానాస్పదమైన కదలిక చూసి రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్లలోతున పేలే బాంబులు, వదిలింది. వాటివల్లే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెప్పింది. అది తెచ్చిన మందుపాతరలే లోపల పేలాయని పాకిస్తాన్ వైపూ, మన దగ్గర కొందరు మాజీ అధికారులూ అంటారు. "మా నాన్నగారు ఎన్ని మోతలు విన్నారు, దాన్నిబట్టి తేల్చగలమా" అని కూడా అడిగారు కదా. తేల్చలేం. నిద్రలోంచి లేచిన పిల్లల చెవులు, యాభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం, వీటి మీద ఆ తగాదా తీర్చకూడదు. ఆయన విన్నది విన్నట్టుగా రాసిపెట్టుకోండి, అంతవరకే.

తెల్లారాక సముద్రం మీద నూనె, చెక్కముక్కలు, సామాన్లు తేలుతున్నాయని నేవీకి చెప్పింది జాలరులే. ఒక లైఫ్ జాకెట్ కూడా దొరికింది. దాని మీద ఆ జలాంతర్గామి పాత అమెరికన్ పేరు డయాబ్లో ఉంది. ఈ సంగతి మాకు జాలారిపేట నుంచి బడికొచ్చే కుర్రాళ్ల ద్వారా తెలిసింది. "మాయ్య తెప్పకి నూనె అంటేసినాది, కడిగినా పోనేదు" అని ఒకడు చెబితే మధ్యాహ్నం అన్నం బెల్లులో అందరం వాడి చుట్టూ చేరాం. వాడి చొక్కా చివర ఆ నూనె మరక ఉంది. మేమంతా వంతులేసుకుని వాసన చూశాం. యుద్ధానికి సంబంధించి నా చేతికి అందిన వస్తువు ఏదైనా ఉందంటే అదే. ఘాజీ మునిగిందని ప్రభుత్వం ప్రకటించింది డిసెంబరు 9న. అంటే ఆ అయిదారు రోజులు ఆ వార్త ఊళ్లో కుర్రాళ్ల దగ్గర, జాలారిపేట గుడిసెల దగ్గర ఉంది, పేపర్లో లేదు. యుద్ధం గురించి పుస్తకాలు అడ్మిరళ్ల దగ్గర మొదలవుతాయి. నన్నడిగితే విశాఖ కథ తెప్పల దగ్గర మొదలవ్వాలి.

జాలారిపేటకు ఆ రోజులు ఎంత కష్టమో కూడా చెప్పాలి. ఇప్పటి ఫిషింగ్ హార్బరు అప్పటికి లేదు. తెప్పల్ని ఇసుక మీదికి లాక్కునేవారు. రాత్రి వేట ఆగిపోయింది. పగలు కూడా దూరం వెళ్లనిచ్చేవారు కాదు. వేట లేకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. మా ఇంటికి చేపలు తెచ్చే అప్ప కవళ్లు, నెత్తళ్లు బదులు ఎండుచేపలు తెచ్చింది, తర్వాత అదీ మానేసింది. అమ్మ ఆవిడకు బియ్యం కొలిచి ఇవ్వడం చూశాను. తిరిగి తీసుకున్నట్టు చూడలేదు.

బ్లాకౌట్ అంటే ఇప్పటి పిల్లలు కరెంటు పోవడం అనుకుంటారు. అది వేరే పని. వెలుగును ఇంట్లోనే ఉంచుకుని బయటికి పోకుండా చూడాలి. మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి వెలుగు బయటికి కారుతుంది. వంటింటి పైకప్పులో వెలుతురు కోసం ఒక గాజు పలక ఉండేది. నాన్న నిచ్చెనేసుకుని ఎక్కి దాని మీద బొగ్గుపొడి కలిపిన మట్టి పూశాడు. రెండో రోజు ఎండకు ఆ మట్టి బీటలు తీసి రాలింది. అప్పుడు గోనెపట్టా తడిపి పరిచి, పైన నాలుగు పెంకులు బరువు పెట్టాడు. కిటికీ అద్దాలకు అమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసి పాత ఆంధ్రప్రభలు అంటించింది. బల్బు చుట్టూ డాల్డా డబ్బా అడుగు కోసి తగిలించాం. వెలుగు గుండ్రంగా కింద చాప మీద మాత్రమే పడేది. అంతమందిమీ ఆ గుండ్రంలోనే కూర్చుని అన్నం తినేవాళ్లం. బయట హోంగార్డు కర్రతో తలుపు కొట్టి "రెండో గదిలో లైటు కనబడతంది, ఆర్పండి" అని అరిచేవాడు. కార్లకు, లారీలకు, రిక్షా దీపాలకు సగం దాకా నల్లరంగు పూశారు.

వెన్నెల సంగతి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే చాలామంది జ్ఞాపకాల్లో తేడా ఇక్కడే వస్తుంది. మొదటి రోజుల్లో బ్లాకౌట్ ఒక ఆటలా ఉండేదని కొందరంటారు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటని మరికొందరంటారు. రెండూ నిజమే. పౌర్ణమి మర్నాడు మొదలై అమావాస్య ముందురోజుకు ముగిసిన యుద్ధమది. మొదటి వారం వీధుల్లో దాగుడుమూతలాడాం. రెండో వారానికి మా వీధి మొగలో కాలువ ఎక్కడుందో తెలియక పెద్దవాళ్లే పడ్డారు. నాన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు గోడ తడుముకుంటూ వచ్చేవాడు. దూరం నుంచే దగ్గేవాడు, అది నాన్నేనని మాకు తెలియడానికి.

బడులు కొద్దిరోజులు మూశారు. తెరిచాక ఆటస్థలంలో వంకరటింకరగా కందకాలు తవ్వించారు. ఆ ఎర్రమట్టిలో దూకడం, బోర్లా పడుకోవడం, మేస్టారు ఈల వేస్తే లేవడం మా డ్రిల్లు. భయం వేసిందా అని అడిగారు. పగలు లేదు. రాత్రి సైరన్ పరీక్ష మోగినప్పుడు ఉంది. ఆ భయం విమానాలది అనేకంటే పెద్దవాళ్ల ముఖాలది అనాలి. ముఖ్యంగా కాల్టెక్స్ ట్యాంకుల మాట వచ్చినప్పుడు నాన్న మాట మార్చేవాడు. కరాచీలో చమురు ట్యాంకులు తగలబడుతున్నాయని రేడియోలో విని వీధంతా చప్పట్లు కొడితే, ఆయన లోపలికెళ్లి కూర్చున్నాడు. రిఫైనరీ పక్కన ఉండేవాడికి ఆ వార్త ఇంకోలా వినబడుతుంది.

మీరు అడగలేదు కానీ దీన్ని దాటవేయలేను. మా వరస చివరింట్లో ఒక సరంగు మామ ఉండేవాడు. టగ్గు మీద పని. శుక్రవారాలు మమ్మల్ని దర్గాకొండకు తీసుకెళ్లి మిఠాయి పెట్టేవాడు. పోర్టు కళాసీల్లో ఆ దర్గాకు మొక్కనివాళ్లు లేరు, ఏ మతమైనా. ఆ డిసెంబరులో పెద్ద కుర్రాడొకడు, వీళ్లు కొండ మీంచి టార్చితో సైగలు చేస్తారట అని పుట్టించాడు. రెండు రోజుల్లో మామ కొడుకుతో గోలీలాడేవాళ్లు లేకుండా పోయారు. నాయనమ్మ చెవిన పడింది. ఆవిడ వీధి మధ్యలో నిలబడి, 42లో మేమంతా పారిపోతే ఈ వరసలో ఇళ్ల తాళంచెవులన్నీ పెట్టుకుని కాపలా కాసింది ఆ సరంగు తండ్రేనని, ఒక్క చెంబు కూడా పోలేదని, గొంతు చించుకుని చెప్పింది. మర్నాడు మామ కొడుకుని తనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చోబెట్టింది. ఇలాంటిది అన్ని వీధుల్లో జరగలేదు. కొన్ని ఇళ్లవాళ్లకు ఆ పదమూడు రోజులు ఎంత పొడుగ్గా గడిచాయో వాళ్ల పిల్లలు నాతో చెప్పారు, తమ పేరు రాయొద్దన్నారు.

డిసెంబరు 16 కూడా గురువారమే, మార్గశిరంలో చివరిది. సాయంత్రం ఢాకాలో లొంగుబాటు వార్త రాగానే అమ్మవారి గుడి దగ్గర కొబ్బరికాయలు కొట్టారు. హార్బరులో ఓడలు కూతలు పెట్టాయి. ఇన్నాళ్లకు వీధిలో దీపాలు చూసి మా చెల్లెలు కళ్లు మూసుకుంది.

ఘాజీలో 93 మంది ఉన్నారని, ఒక్కరూ బతకలేదని అప్పట్లో మాకు పట్టలేదు. శత్రువు ఓడ మునిగింది, అంతే. పోర్టులో చేరాక, పైలట్ బోటులో చానెల్ బయటికి మొదటిసారి వెళ్లినప్పుడు, ఒక ముసలి కళాసీ ఆ వైపు చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. వాళ్లూ సముద్రం మీద బతికినోళ్లే కదా బావూ అన్నాడు. ఆ తర్వాత ఆ లెక్క నన్ను వదల్లేదు. 1996లో బీచ్ రోడ్డులో విజయస్తూపం కట్టారు, 2002లో కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేశారు. రెండూ చూడదగ్గవే. కుర్సురా లోపలికి దిగితే అంత ఇరుకులో మనుషులు ఎలా ఉంటారో తెలుస్తుంది, ఆ 93 మంది సంగతి అక్కడ ఇంకా బాగా అర్థమవుతుంది.

మీ నాన్నగారి దగ్గర సంగతులు రాబట్టడానికి నా అనుభవంలో పనికొచ్చినవి చెబుతాను. "యుద్ధం గురించి చెప్పండి" అని అడక్కండి. అలా అడిగితే ఎవరైనా సినిమాల్లో, టీవీల్లో విన్నది కలిపి చెప్పేస్తారు. ఆ సమయంలో ఇంట్లో ఏం వండారు, కిటికీలకు ఏ కాగితం అంటించారు, కందకం బడిలో ఏ మూల తవ్వారు, అని అడగండి. "జలాంతర్గామి పేలింది విన్నాను" అని ఆయనంటే ఆ మాట తర్వాత చేరింది. "భూకంపం అనుకున్నాం" అంటే అది ఆ రాత్రిది. తేదీలు గుర్తు లేకపోతే గురువారాలతో కలిపి అడగండి, మీ నాయనమ్మగారుంటే ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టండి. నడవగలిగితే ఆయన్ని దర్గాకొండ మెట్లెక్కించి, ఆ చప్పుడు ఎటునుంచి వచ్చిందో చేత్తో చూపించమనండి.

ఇంకొకటి, ఇది నాక్కూడా కావాలి. డిసెంబరు 4 నుంచి వారం రోజుల్లో కోటవీధి నుంచి ఎవరెవరు ఊరొదిలారు, ఏ ఊరు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నది ఇంటింటి లెక్కగా రాయించండి. నేవీ కాగితాలు ఉన్నాయి, పోర్టు కాగితాలు ఉన్నాయి, ఈ లెక్క మాత్రం నాకు దొరికిన ఏ కాగితంలోనూ లేదు.